చెలమలో తొలి దోసిలి

హలో… ఆ, నేనే రా యోహానూ, మీ నాయన్ని. గురజాల నుంచి.

…బాగానే ఉన్నా. వార్డెను గారు పక్కనున్నారా?… ఉండనీ. నువ్వు కూర్చో.

…కూర్చోమన్నాగా.

మీ చిన్నాయన ఆరోగ్యస్వామి పోయాడు. పొద్దున.

…

…సారా తాగి కాదు. సాంబశివరావు మనుషులు అట్నే చెబుతున్నారు. నమ్మబాక.

…చెబుతా, విను. ఆ నేలా నీళ్ళ శాస్త్రం సంఘంలో నువ్వు చదివింది పేపర్లో పడింది. సాంబశివరావు తన పొలాలకి కొట్టే ఎండ్రిన్ పురుగుమందు డబ్బాలు వాగులో కడిగిస్తున్నాడనీ, కింద చెలమల్లో మన పల్లె తాగే నీళ్ళు విషమైనయ్యనీ. అది చూసే నిన్ను సంఘంలో కలుపుకుని, మెచ్చి రొమ్ము మీద బిళ్ళ పెడుతున్నారని కూడా పడిందంట.

…ఆ, ఆయన చదివాడు.

మీ చిన్నాయన ఇసకలో చెలమ తోడాడు. తోడినోడే తొలి దోసిలి తాగాలగా, మన కట్టుబాటు… ఆ దోసిట్లోనే పోశారు. డబ్బాలో మిగిలింది.

…మీ చిన్నమ్మ కరుణమ్మ కళ్ళారా చూసింది. ఇద్దరు రెక్కలు విరిచి పట్టారు. సాంబశివరావు రొమ్ము మీద మోకాలేసి ముక్కు మూశాడు. మీవాడు విషమని రాశాడుగా, నిజమో కాదో తాగి చెప్పరా అన్నాడు.

…నేను గట్టు దిగేసరికి నురగ కక్కుతున్నాడు. కాళ్ళతో ఇసకంతా తన్నుకున్నాడు. బండిలో ఏసుకొచ్చాం. ఆసుపత్రి గేటు దాకా ప్రాణం నిలవలా.

…ఏడవబాక. ఇంకా ఉంది.

…ఏందీ? బిళ్ళ వద్దంటావా? … నీ వల్ల పోయాడా? … నువ్వు రాసింది అబద్ధమా?

…మరి?

ఆ నీళ్ళు తాగలేకున్నామని ఆయన గుమ్మంలో నేనెన్నిసార్లు చెప్పా. కుక్కని అదిలించినట్టు అదిలించాడు. నువ్వు చెబితే భయపడ్డాడు. బిళ్ళ తిరిగిచ్చావంటే నీ మాటా నా మాట లెక్కే అవుతది.

విను. మన పల్లె వీరాంజనేయులు నీ కాడికే గుంటూరు బస్సెక్కాడు. సంచిలో సీసా ఉంది, ఆ చెలమ నీళ్ళు. మూత తీయబాక. మీ సంఘం పెద్దాయన రాజరత్నం గారి చేతిలో పెట్టు. అందులో ఏముందో ఆయన చేత రాయించు… ఆ. ఇక్కడ ఆసుపత్రోళ్ళు సారా అని రాసేలోపల.

…రాబాక. బస్సుల కాడ సాంబశివరావు మనుషులు గొడ్డళ్ళతో కాపలా ఉన్నారు. మీ చిన్నాయన మట్టి సంగతి పాస్టరు గారు చూస్తారు.

…నేనుండను.

…పార నా చేతిలోనే ఉంది రా. చెలమ పూడిక తీద్దామని తెచ్చింది.

…ఒకటే దెబ్బ. మెడ మీద… సాంబశివరావు మళ్ళీ లేవలా.

…ఎవరూ పట్టుకోలా. మీ చిన్నాయన్ని ఆసుపత్రిలో దించి నేనే నడిచొచ్చా, ఠాణాకి. ఈ ఫోను వాళ్ళదే. గులాం మొహిద్దీన్ జమేదారు గారు ఒక చేతికి బేడీ వెయ్యకుండా వదిలిపెట్టాడు, నీతో మాట్లాడతానంటే.

…తప్పే. కాదన్లా.

…సాయంత్రం బిళ్ళ పెట్టించుకో. ఊఁ అను… ఇనబళ్ళా, గట్టిగా అను.

…ఆ.

అయిపోయింది జమేదారు గారూ, పెట్టేస్తున్నా. ఇదిగో, ఈ చెయ్యి కూడా.