రాఘవులు ఒడ్డుకి లాగిన ఊరు

రాజోలులో కృపమ్మ టీకొట్టు ముందు బెంచీ మీద రాఘవులు కూర్చున్నాడంటే అందరి చేతుల్లోనూ టీ చల్లారిపోవాల్సిందే. గల్ఫు నుంచి వచ్చి నెలయింది, కబుర్లు మాత్రం అవలేదు. ఆ సాయంత్రం పాతరేవు సంగతి ఎత్తేడు. సముద్రం పైకొచ్చేసి, జనం ఖాళీ చేసి పోయిన ఊరది.

“ఊరికే చూసొద్దామని వెళ్ళేనండీ, ఒక్కణ్ణే. మోకాలి లోతు బురద. ఇళ్ళకి కప్పుల్లేవు, వీధుల్లో మడచెట్లు. పాత పోస్టాఫీసులోకి తొంగి చూస్తే పీతలండీ! ఒక్కోటీ ఆటో టైరంత! జరగండర్రా అన్నాను. జరిగేయి.”

“తెలుగొచ్చాండీ వాటికి?” అన్నాడు పక్క బెంచీ మీద టీ తాగుతున్న బుల్లబ్బాయి.

“మన సముద్రం పీతలే కదండీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? లైట్‌హౌసు పక్కకి ఒరిగిపోయుంది. భుజం పెట్టి ఒక్క నెట్టు నెట్టేను. నిటారుగా నిలబడి, లైటు కూడా వెలిగిందండీ.”

“కరెంటు లేదు కదండీ?” అన్నాడు మళ్ళీ బుల్లబ్బాయే.

“నేనిచ్చిన ఊపుకే వెలిగింది!”

కృపమ్మ టీ వడకట్టడం ఆపి తననే చూస్తోంది. రాఘవులుకి హుషారెక్కింది. ఇక తగ్గకూడదనుకున్నాడు.

“ఇంతలో తాటిచెట్టంత కెరటం! ఊరు మునిగిపోద్దేమోనని, చర్చి గోడకి మోకు కట్టి, పళ్ళు బిగించి లాగేనండీ. ఊరు ఊరంతా అరమైలు ఒడ్డుకొచ్చేసింది!”

“అయితే మా ఇల్లు దగ్గరికొచ్చిందన్నమాట,” అంది కృపమ్మ. “నేను అక్కడే పుట్టేనండీ. ఒక్కసారి తీసుకెళ్ళండర్రా అంటే ఇన్నేళ్ళుగా ఎవరూ కదల్లేదు. చర్చి వెనకాలే మా ఇల్లు. రేపు మీరు తీసుకెళ్ళండి.”

రాఘవులు బెంచీ చివరికి జరిగేడు. “బురదండీ... పాములు కూడా...”

పడవ నడిపే యాకోబు ఇక ఆపుకోలేకపోయేడు. “ఈయన నా పడవే దిగలేదండీ! కమ్మీ పట్టుకుని, కళ్ళు మూసుకుని, వెనక్కి తిప్పవయ్యా అని ఒకటే గోల!”

బెంచీలన్నీ గొల్లున నవ్వేయి. రాఘవులు తల దించేసుకున్నాడు.

కృపమ్మ మాత్రం నవ్వలేదు. పొయ్యి కట్టేసింది.

“దిగకపోతే ఏమైందండీ, రేపు దిగుదురు గాని. భయమేస్తే నా చెయ్యి పట్టుకోండి. యాకోబూ, పొద్దున్నే పడవ సిద్ధం చెయ్యి. రేపు కొట్టు తియ్యను.”

అందరూ రాఘవులు వైపు తిరిగేరు. అతను ఆవిడ మొహంలోకి చూసేడు. కాదనడానికి నోట్లో ఒక్క కోతా మిగల్లేదు.

“ఆయ్,” అని తలూపేడు.