కాయిల్ విప్పిన రోజు

"అమ్మమ్మా, సోలార్ కంపెనీవాళ్లు కొలువిస్తమన్నరు గని, ముందుగాల ఆర్నెల్లు వాళ్లే పని నేర్పుతరంట. డిప్లొమా సదివినంక మళ్ల నేర్సుకునుడేంది?"

గట్లంటవా బిడ్డా. కూసో. ఆ ఫ్యాను జర తక్కువ జెయ్యి, నీ మాట నాకు ఇనవడుతలేదు. సోలార్ అంటివి గదా, ఏదైనా కరెంటు కరెంటే. నేను నాచారంల ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీల ఇరవై తొమ్మిదేండ్లు... కాదు, ఆగు, మీ పెద్దమామ పుట్టినంక జేరిన, ముప్పై దాటినయ్. ముప్పై ఏండ్లకు మీద పని జేసిన. నాకు సదువు రాదు, నా పేరు రాసుకునుడొక్కటే వస్తది. గని ఆఖరికి డిప్లొమాలు సదివినోళ్లకు నేనే నేర్పిన. అందుకే చెప్తున్న, ఇను.

మన గల్లీ మూలకు స్తంభాల నడుమ పెద్ద డబ్బా ఉంటది సూడు, గదే ట్రాన్స్‌ఫార్మర్. దాని కడుపుల తీగ చుట్టలుంటయి. కాయిల్ అంటరు. తీగ మీద కాగితం చుట్టి ఉంటది, వరస మీద వరస చుట్టాలె, వరసకు వరసకు నడుమ మళ్ల కాగితం పెట్టాలె, లేకుంటే తీగకు తీగ తగిలి కాలిపోతది. మీ తాత, నేను భువనగిరి దిక్కు నుంచి వచ్చినప్పుడు నాకు ఆ కాగితాలు కోసే పనిచ్చిన్రు. ఉప్పల్‌ల కిరాయికుంటిమి. అప్పుడు బోడుప్పల్ అంటే ఊరే, అంతా చేన్లే. మా చెల్లె సువార్త ఆడ ప్లాటు తీస్కోవే అక్కా అని మస్తు చెప్పింది, నేనే ఇనలే. సరే తియ్యి, అది వేరే కథ.

కాయిల్ చుట్టుట్ల పెద్దోడు యాదగిరి మామ. మంచోడే, గని పని చూపియ్యడు. అసలు పని రాంగనే నా దిక్కు ఈపు పెట్టి కూసునేటోడు. నేర్పితే తన కొలువు పోతదని భయం. తప్పు పట్టకు, అందరు గట్లనే ఉండేటోళ్లు. నేనేం జేసిన, కాగితాలు అందిచ్చెటప్పుడు ఆయన భుజం మీదికెళ్లి సూసి సూసి నేర్సుకున్న. రెండేండ్లకు నన్ను గూడ తీగ పట్టనిచ్చిన్రు.

గప్పుడు నేనొక తప్పు జేసిన. మీ అమ్మకు గూడ చెప్పలేదు ఇది, చాన ఏండ్లు ఎవ్వరికి చెప్పలే.

ఒక దినం చుట్టుకుంట చుట్టుకుంట కత్తెర మొన తగిలి తీగ మీది కాగితం చినిగింది. ఎంత, గోరంత. అట్ల చినిగితే ఏం జెయ్యాల్నో నాకు ఎవ్వరు చెప్పలే. అడుగుదమంటే పనిల నుంచి తీసేస్తరని భయం. మీ అమ్మ నా కడుపుల ఉంది. అటు ఇటు సూసిన, మీద ఇంకో వరస చుట్టేసిన. టెస్టింగ్ రూముల గూడ పాసయింది. బతికిన అనుకున్న.

నాలుగు నెల్లకు అది తిరిగొచ్చింది, కాలిపోయి. దాంతోని లారీల ఇద్దరు రైతులు గూడ వచ్చిన్రు. "మోటర్లు బందై పొట్టకొచ్చిన వరి ఎండిపాయె సారూ, వేరేది ఇచ్చేదాంక ఇక్కడికెళ్లి పోము" అని గేటు కాడ కూసున్నరు. వాళ్లు కొట్లాడలే, అరవలే. గట్లనే కూసున్నరు. నేను కుండల నీళ్లు తీస్కపోయి ఇచ్చిన. ఒకాయన నన్ను సూసి, "సల్లగుండు బిడ్డా" అన్నడు. ఆ మాటతోని నాకు అన్నం దిగలే రెండు దినాలు.

మేనేజరు కాయిల్ విప్పిచ్చిండు. యాదగిరి మామ వంగి సూసిండు, ఆ చినుగు సూసిండు, లేశి నా మొఖం సూసిండు. తెలిసిపోయింది ఆయనకు. "ఎవరిది?" అన్నడు మేనేజరు. "నాదే సారూ" అన్నడు మామ. నెల రోజులు ఇంట్ల కూసోబెట్టిన్రు ఆయన్ని. నేను నోరు తెర్వలే. చెప్తున్న గదా, తెర్వలే.

నెలకు వచ్చిండు. నన్ను పిలిచి, "ఎస్తేరూ, స్టూలు ఇటెయ్యి, నా ముంగట. నేను నేర్పకపోతిని, నీకు తెల్వకపాయె. దాంట్ల సగం నాది" అన్నడు. గా దినం నుంచి మళ్ల ఈపు పెట్టలే ఆయన. ఉన్నదంతా నేర్పిండు. మంచి మనిషి, పోయి శానా ఏండ్లాయె.

ఇగ నేను పని ఇడిసే ముంగటి ఏండ్ల సంగతి. ఓనరు పెద్ద సేఠ్ పోయినంక ఆయన బిడ్డ కంపెనీ సూస్కుంటున్నది, మేడం అంటం. సోలార్ వాళ్లకు గూడ ట్రాన్స్‌ఫార్మర్లు గావాలె గదా, ఆర్డర్లు మస్తు, పనోళ్లేమో లేరు. సదువుకొని వచ్చినోళ్లకు లెక్కలొస్తయి, చేతికి పని రాదు. మేడం అన్నది, "ఎవరో తయారుజేసి పంపుతరని సూసుడెందుకు, మనమే నేర్పుదం. నేర్సుకునే దినాలకు గూడ జీతమిద్దం." ఎనక షెడ్డుకు సున్నమేసిచ్చి, నన్ను నేర్పుమన్నది.

మా తోటోళ్లు వద్దన్నరు. "ఆళ్లకొస్తే మనల్ని ఎల్లగొడ్తరే" అని. నేను సక్కగ మేడం కాడికి పోయి అడిగిన. "మీరు ఉన్నన్ని దినాలు మీ కొలువులుంటయ్, పైంగ నేర్పేటోళ్లకు ఇంకింత జీతం" అని కాయితం మీద రాసిచ్చింది. మీ అమ్మతోని సదివిచ్చుకున్న, గప్పుడు ఒప్పుకున్న.

పాఠం రాసేందుకు రాజమండ్రి దిక్కు ఇంజనీరు సారు ఒకాయన వచ్చిండు. "తీగ ఎంత గట్టిగా లాగాలమ్మా?" అని అడుగుతడు. నాకేం తెలుసు, చేతికి తెలుస్తది. ఆఖరికి చెప్పిన, "చిన్నపిల్లకు జడేస్తం గదా సారూ, గుంజితే ఏడుస్తది, వదిలేస్తే ఊడ్తది, నడుమల ఎంతనో గంత." ఆయన నవ్వలే. తక్కెడ లాంటిది తెచ్చి నా చెయ్యి గుంజుడు కొలిచి రాసుకున్నడు. మొదటి జట్టుల పన్నెండు మంది అమ్మాయిలు.

దాంట్ల లావణ్య అని, అన్నోజిగూడ నుంచి వచ్చేది, మస్తు హుషారు. ఒక దినం ఆ పిల్ల చెయ్యి ఆగింది. ఆగి, మళ్ల ఉరికింది. ఆ ఆగుడు నాకు ఎరుకే గదా. దగ్గరికి పోయి మెల్లగ అడిగిన, "ఎన్నో వరసల చినిగింది?" పిల్ల ఏడ్సుడు మొదలువెట్టింది. నడుమ వరసలనంట.

సూపర్‌వైజరు వచ్చిండు. "ఎల్లుండి సరుకు పోవాలె అక్కా. టెస్టుల పాసైతది, పోనియ్యి." పాసైతది, నిజమే. నాది గూడ పాసయింది గదా. నేను మిషన్ బంద్ జేసిన. "విప్పాల్సిందే" అన్న. మాటా మాటా పెరిగి మేడం వచ్చింది.

గప్పుడు చెప్పిన, పన్నెండు మంది ముంగట, మేడం ముంగట. నా చినుగు, ఎండిన వరి, యాదగిరి మామ నెల రోజులు ఇంట్ల కూసున్నది, అంతా. మేడం కాయిల్ కాడికి వచ్చి, "విప్పండి" అన్నది. "సరుకు ఆలస్యమైతదని నేను ఫోన్ జేసి చెప్తా."

లావణ్య, నేను కలిసి విప్పినం. చినుగు కాడికి రాంగనే దాన్ని ఎట్ల బాగుచెయ్యాల్నో అందరికి చూపిచ్చిన, కాగితం పట్టీ ఎట్ల చుట్టాలె, ఎంత దూరం దాంక చుట్టాలె అని. అదే ఆ జట్టుకు అన్నిటికన్న మంచి పాఠమైంది. సరుకు రెండు దినాలు ఆలస్యంగ పోయింది, కొన్నోళ్లు ఏమనలే. ఎవరన్న తప్పైందని తామే చెప్తే జీతం కొయ్యొద్దని మేడం గోడకు రాసిచ్చింది. నేర్పేటోళ్లకు గూడ ఒక పరీక్ష పెట్టిన్రు, నాకు సదువు రాదని నోటితోనే అడిగిన్రు, పాసైన. లావణ్యనే ఇప్పుడు కొత్తోళ్లకు నేర్పుతది, నా కన్న సక్కగ చెప్తది, ఉన్నమాట.

నువ్వు గూడ పో బిడ్డా. నేర్పుతమని పిలిచేటోళ్లు దొరికిన్రు, మాకు దొరకలే. మొదట్ల తప్పులైతయ్, కాకుంట ఉండవు. అయిన దినమే నోరు తెరిచి చెప్పు, సిగ్గుపడకు. దేవుడు నీ చేతులకు పనితనం ఇయ్యాలె, నీ నోటికి ధైర్యమియ్యాలె. నీ చేతి కింద ఎలిగే ప్రతి ఇల్లు సల్లగుండాలె.