నాన్న గొంతుకు తాళం

కుట్టుమిషన్లు బాగుచేసే నాన్న పోయాక, ఆయన షాపు ఖాళీ చేస్తూ అక్కాచెల్లెళ్ళిద్దరూ నూనెడబ్బాల మధ్య కూర్చున్నారు.

“అక్కా, నాన్న ఫోన్‌కి ఎవరో మెసేజ్ పెట్టారు. నాన్న వీడియోల వెబ్‌సైట్ తెరుచుకోవట్లేదట.”

“పాస్‌వర్డ్ పెట్టి తాళం వేశాను కదే, ఎలా తెరుచుకుంటుంది?”

“మిషన్ రిపేరు ఎవరైనా చూసి నేర్చుకోవాలనేగా నాన్న ఆ వీడియోలు పెట్టింది?”

“నేర్చుకుంటే బాగానే ఉండేది. ఆయన నత్తిని వెక్కిరిస్తూ కింద కామెంట్లలో ఏం రాశారో చూశావా? వాటికి కూడా ‘చూసినందుకు సంతోషం’ అని జవాబిచ్చేవాడు! నాకు ఒళ్ళు మండిపోయింది.”

“నాక్కూడా పాస్‌వర్డ్ చెప్పలేదు నువ్వు. ఆయన గొంతు విని ఎన్నాళ్ళయిందో! సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వే ఆ నవ్వు కూడా మర్చిపోతున్నా.”

“నీకు చెబితే ఊరంతా చాటింపు వేసినట్టే.”

“సరే, ఈ మెసేజ్ విను. ‘అయ్యా, నాకూ నత్తే. మిమ్మల్ని చూశాకే ధైర్యం చేసి షాపు పెట్టాను. రోజూ మీ మాట విన్నాకే షట్టర్ ఎత్తేవాణ్ణి. ఎందుకు మూసేశారు?’”

“...నాన్న లేడని తెలీదా?”

“తెలీదు.”

“తెరిస్తే వెక్కిరించేవాళ్ళు మళ్ళీ వస్తారే.”

“షాపుకి మాత్రం రాలేదా? వాళ్ళకి భయపడి నాన్న ఏనాడైనా షట్టర్ దించాడా?”

“...ల్యాప్‌టాప్ ఇలా తే. వద్దులే, నువ్వే కొట్టు. పాస్‌వర్డ్ నీ ముద్దుపేరే.”

“చిట్టి... తీసుకోవట్లేదక్కా.”

“అలా కాదే. నాన్న పిలిచినట్టు కొట్టు.”

“చి... చి... చిట్టి.”