ఆ చెప్పులు ఎందుకు కనిపిస్తాయంటే

1993 వసంతంలో శిరాఫుజి తత్సునోరి గారు నా భార్యకు ఒక మాట ఇచ్చి తప్పారు. పేరూ వయసూ ముందు చెప్పాలని ఇన్‌స్పెక్టర్ తొకునాగా గారు అంటున్నారు. చెబుతాను. కానీ ఆ వాక్యం పైనే ఉండనివ్వండి.

నా పేరు కురమోచి ఎయిసాకు. వయసు డెబ్బై ఎనిమిది. ఒసాకా నగరం నానివా వార్డులో పాత పుస్తకాల దుకాణం నడిపేవాణ్ణి, ఇప్పుడు మూసేశాను. భార్య కియోనో చనిపోయింది. పిల్లలు లేరు. ఇంతకు ముందు నా మీద కేసులేవీ లేవు. ఇష్టం లేకపోతే మాట్లాడకుండా ఉండే హక్కు ఉందని నాకు చెప్పారు. ముప్పై ఏళ్ళు ఆ హక్కే వాడుకున్నాను. ఇక చాలు.

నా మీద ఆరోపణ ఇది: ఈ నెల పద్నాలుగున మధ్యాహ్నం 'మినాతో' అనే వీడియో గేమ్ సెంటర్‌లో, ఎనభై మూడేళ్ళ సినిమా విమర్శకుడు శిరాఫుజి గారిని షట్టర్ దించి నిర్బంధించానని. షట్టర్ దించిన మాట నిజం. మిగిలినది వరసగా చెబుతాను.

'అటువైపు మనిషి' అనే హాస్యచిత్రాన్ని నా స్నేహితుడు నాగుమో యాసుహెయి తీశాడు. అతను తీసిన సినిమా అదొక్కటే. నా దుకాణం కింది అంతస్తులో ఉన్న ఈ మినాతోలోనే తీశాడు. అప్పటికే అక్కడున్నవి పాతబడ్డ ఆటలు. కథ చిన్నది. గోందా అనే గుమస్తా ఉద్యోగం పోతుంది. ఇంట్లో చెప్పే ధైర్యం లేక రోజూ టై కట్టుకుని బయల్దేరి గేమ్ సెంటర్‌లో కూర్చుంటాడు. ఇద్దరు తన్నుకునే ఆట ఆడతాడు. అటువైపు కూర్చున్నవాళ్ళెవరో రోజూ అతన్ని చితక్కొడతారు. అటువైపున్నది ఎవరో భయంకరమైన కుర్రాడనుకుని గోందా 'గురువుగారూ' అని పిలుస్తాడు. యంత్రం మీదుగా తన కష్టాలన్నీ చెప్పుకుంటాడు. జవాబు రాదు. అటువైపున్నది అతని భార్య. ఆమె ఉద్యోగమూ పోయింది. ఆమె కూడా ఇంట్లో చెప్పలేదు.

ఇన్‌స్పెక్టర్ గారు ఇక్కడ నవ్వారు. అది కూడా రాయమన్నాను. రాయలేదు.

మా గేమ్ సెంటర్లలో యంత్రాలు వీపూ వీపూ ఆనించి పెడతారు. ఇటు ఒకరు, అటు ఒకరు. ఎదుటివాళ్ళ మొహం కనబడదు. లేచి అటు తొంగి చూడటం మర్యాద కాదు. ఓడితే ఇంకో నాణెం వేస్తారు, లేదా మాట్లాడకుండా వెళ్ళిపోతారు. మా పేటలో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. సినిమా మొత్తం ఈ ఒక్క మర్యాద మీద నిలబడింది.

అటువైపు మనిషిని నాగుమో పాదాలతోనే చూపించాడు. ఎర్ర పట్టీల చెప్పులు. దెబ్బ కొట్టి గెలిచే ముందు ఎడమ చెప్పు విడుస్తుంది. ఇది రెండుసార్లు చూశాక ప్రేక్షకుడికి అర్థమవుతుంది. మూడోసారి చెప్పు జారగానే, ఇంకా దెబ్బ పడకముందే హాలంతా నవ్వుతుంది. పాపం గోందాకు మాత్రం తెలియదు. నేను గ్రీకు హాస్యనాటకాల నుంచి మా దేశపు పాత క్యోగెన్ ప్రహసనాల దాకా చదివాను. ఇంత తక్కువ సరంజామాతో ఇంత నవ్వు పుట్టించిన వాళ్ళు కొద్దిమందే.

ఇంటి సన్నివేశాల్లో భార్యగా నటించింది వేరే నటి. ఆమెకు ఆట రాదు. ఆట వచ్చిన కాళ్ళు కావాలన్నాడు నాగుమో. ఆ పాదాలు కియోనోవి. ఆ చెప్పులూ ఆమెవే. ఎడమ చెప్పు విడవడం ఎవరూ నేర్పలేదు, ఆమె ఎప్పుడూ అలాగే ఆడేది. ఇది కేసుకు సంబంధం లేని విషయమని ఇన్‌స్పెక్టర్ గారు అన్నారు. సంబంధం ఉంది. రాయండి. మా పెళ్ళిలో తీసిన ఫోటోలు ఉన్నాయి. కదిలే కియోనో ఆ సినిమాలో తప్ప ఎక్కడా లేదు.

విడుదలకు ముందు ప్రదర్శన రోజు శిరాఫుజి గారు బయటికొచ్చి అయోమయంగా నిలబడ్డారు. కియోనో దగ్గరికెళ్ళి అడిగింది, "గురువుగారూ, మీరెప్పుడైనా గేమ్ సెంటర్‌లో కూర్చున్నారా?"

"ఆ చప్పుడు నాకు పడదమ్మా."

"రేపు మధ్యాహ్నం రండి. ఒక్క ఆట ఆడి చూడండి. ఆ తర్వాత తిట్టండి, నేనేమీ అనుకోను."

"వస్తాను. వచ్చి చూశాకే రాస్తాను."

మరునాడు ఆమె తన ఎదుటి కుర్చీ మీద చేతిరుమాలు పరిచి చీకటిపడేదాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఆయన రాలేదు. నేను మండిపడుతుంటే, "వచ్చి కూర్చో. ఓడిపోయేవాళ్ళు నాకు ఎప్పుడూ కావాలి," అంది.

ఆ వారం పత్రికలో ఆయన రాసింది నాకు కంఠతా వచ్చు. 'కథానాయకుడు సినిమా పొడుగునా యంత్రంతో ఆడుతూ ఉంటాడు. మధ్యమధ్య ఎవరివో చెప్పులు కనిపిస్తాయి. అవి ఎవరివో, ఆటకూ వాటికీ ఏమిటి సంబంధమో దర్శకుడికే తెలియాలి. బహుశా నటులు చాలక చెప్పులతో సరిపెట్టుకున్నారు.' యంత్రంతో ఆడుతున్నాడట. అటువైపు మనిషి ఉంటుందన్న సంగతే ఆయనకు తెలియదు. సినిమా పేరే అది.

మిగతావాళ్ళు ఆయన్ని చూసి రాశారు. 'చెప్పుల సినిమా' అన్నారు ఒకరు. 'చెప్పుతో కొట్టినట్టుంది' అన్నారు ఇంకొకరు. అలా రాసినవాళ్ళలో ముగ్గురి గ్రంథాలయాలు వాళ్ళు పోయాక భార్యలు నాకే అమ్మారు. వాటిలో సగం పుస్తకాలకు, చదవాలంటే ముందు కోయాల్సిన పేజీల అంచులు కూడా కోయలేదు. చూడకుండా రాయడం వాళ్ళకు సినిమాతో మొదలైన అలవాటు కాదు.

సినిమా వారానికే ఎత్తేశారు. తీసిన కంపెనీ మూతపడింది. మిగిలిన ఒకే ఒక్క ప్రతి పాత చిత్రాల సంఘం వాళ్ళ గోదాములో ఉండేది. ఫిల్ము పాతబడి వెనిగర్ వాసన కొడుతోందని, ఇక అన్నిటినీ దాచలేమని, ఏవి కొత్త ప్రతులు తీయించాలో ఏవి పారేయాలో పద్నాలుగున పెద్దలు కూర్చుని తేలుస్తారని తెలిసింది. ఆ పెద్దల్లో పెద్ద శిరాఫుజి గారు.

ఆ రోజు పొద్దుటి నుంచి సంఘం మెట్ల దగ్గర నిలబడ్డాను. మధ్యాహ్నం ఆయన కర్ర పట్టుకుని దిగారు.

"గురువుగారూ, ఒక ఆట ఆడతానని మాటిచ్చారు," అన్నాను.

"మీరెవరో గుర్తు రావడం లేదు. ఎవరికిచ్చాను?"

"నా భార్యకు."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఎంత దూరం?" అని మాత్రం అడిగారు. నేను చెయ్యి పట్టుకోలేదు, బెదిరించలేదు. టాక్సీ ఆయనే పిలిచారు.

మినాతో యజమానురాలు అనెగావా తోషికో. ఒకాయన్ని ఆటకు తీసుకొస్తానని మాత్రం చెప్పి ఉంచాను, ఆమె ముందుగానే అటువైపు కూర్చుని ఉంది. శిరాఫుజి గారు ఇటువైపు కూర్చున్నారు. చూస్తుండగానే ఓడిపోయారు. మర్యాద ప్రకారం అనెగావా నోరు విప్పలేదు. ఆయన కర్ర అందుకుని లేచారు.

"ఆడాను కదండీ. యంత్రం గెలిచింది. ఇక వెళ్తాను."

యంత్రం గెలిచింది. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా అదే మాట. అప్పుడు షట్టర్ దించాను. కోపంతోనే దించాను, అబద్ధం చెప్పను.

అటువైపు నుంచి అనెగావా గొంతు వినిపించింది. "పుస్తకాలాయనా, ఏం చేశావయ్యా? అది దిగితే లేవదు. తాళం పాడై రెండేళ్ళయింది. రాత్రిళ్ళు కూడా సగానికే దించి పడుకుంటున్నాను."

శిరాఫుజి గారు ఆ గొంతు పట్టించుకోలేదు. కాళ్ళు నొప్పులని మళ్ళీ కూర్చున్నారు. "సరే, బాగుచేసేవాళ్ళు వచ్చేదాకా ఇంకోటి ఆడతాను. దీని మొండితనం తగ్గించే మీట ఎక్కడుందో చూపించండి," అన్నారు.

"నా మొండితనం మా ఆయనే తగ్గించలేకపోయాడండీ. మీటలుంటే ఆ మహానుభావుడు ఇంకా బతికుండేవాడు," అంది అనెగావా.

ఆయన చేతులు మీటల మీదే ఆగిపోయాయి. "ఎవరది?"

"మిమ్మల్ని తన్నిన యంత్రాన్ని."

ఆయన లేచి అటు వెళ్ళబోయి ఆగారు. మర్యాద కాదని ఎవరూ చెప్పకుండానే ఆయనకు తోచింది. నెమ్మదిగా వంగి యంత్రాల పక్క సందులోంచి కిందికి చూశారు. అనెగావా కాళ్ళకు ప్లాస్టిక్ చెప్పులున్నాయి. చాలాసేపు అలాగే వంగి ఉన్నారు. పడిపోయారేమోనని పట్టుకోబోయాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారు.

"అయితే గోందా... ఇన్నాళ్ళూ పెళ్ళాంతోనా..." అన్నారు. ఇంకా నవ్వారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. అనెగావా నీళ్ళు ఇచ్చింది. ఆయన కళ్ళు తుడుచుకుని, "అంటే అది మంచి సినిమా అన్నమాట," అన్నారు.

ఈ ఒక్క వాక్యం కోసం నేను బతికి ఉన్నాను. కానీ సంతోషించడానికి వ్యవధి లేదు. "అయితే ఇప్పుడే ఫోన్ చేయండి. ఆ సినిమాను పారేయవద్దని చెప్పండి," అని ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చున్నాను. కూర్చున్నాను అని రాయకండి. మోకరిల్లాను.

"ఆ సినిమా చర్చకే రాలేదండీ. దర్శకుడే వచ్చి మొన్న రీళ్ళు తీసుకుపోయాడట. హక్కుదారు అతనే కదా, ఇవ్వక తప్పలేదన్నారు."

అనెగావా ఫోన్ నుంచి నాగుమోకు చేశాను. అతను పక్క ఊరు సకాయ్‌లో లాండ్రీ నడుపుతున్నాడు. వెనక బట్టల యంత్రాలు తిరుగుతున్న చప్పుడు.

"రీళ్ళెక్కడ?" అన్నాను.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎక్కడరా?"

"చూడు ఎయిసాకూ, అరవకు. ఆ కంపు భరించలేకపోయాను. కొట్లో పెడితే బట్టలకు పడుతోందని ఖాతాదార్లు గొడవ. ఈ పొద్దున నగరం చెత్తబండికి వేసేశాను."

"అది ఒక్కటే ప్రతి."

"ఒక్కటి కాబట్టే. ఇంకోటి ఉంటే ఎవడో ఒకడు మళ్ళీ వేస్తాడు, మళ్ళీ రాస్తారు. చెత్త సినిమా అది. చదువుకున్నవాళ్ళు అంతమంది చెప్పారు, అందరూ తప్పు చెబుతారా?"

"చెప్పినవాడు ఇక్కడే ఉన్నాడు. ఇప్పుడే నవ్వాడు. మంచిదన్నాడు. మాట్లాడు."

ఫోన్ శిరాఫుజి గారికి ఇచ్చాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని, "నాగుమో గారూ, నేను..." అన్నారు. అటువైపు పెట్టేశారు.

ఇక్కడి నుంచి మీ కానిస్టేబుళ్ళు రాసుకున్నది తప్పు. లోపలి నుంచి షట్టర్ బాదుతున్నారని, రక్షించమని అరుస్తున్నారని పక్క నూడుల్స్ కొట్టువాళ్ళు ఫోన్ చేసిన మాట నిజం. బాదింది శిరాఫుజి గారు కాదు. నేను. బయటికి వెళ్ళాల్సింది నేను. చెత్త తగలబెట్టే కర్మాగారం సముద్రం పక్కనుంది, బండి ఇంకా దారిలోనే ఉంటుందనుకున్నాను. గోళ్ళ కింద రక్తం షట్టర్ అంచు ఎత్తబోతే వచ్చింది. శిరాఫుజి గారు కూడా తన కర్ర పెట్టి ఎత్తబోయారు. కర్ర విరిగింది. దాన్ని కొట్లాటకు సాక్ష్యంగా తీసుకొచ్చి బల్ల మీద పెట్టారు. అది సాయం చేయబోయి విరిగిన కర్ర.

షట్టర్ కోసి లోపలికొచ్చిన కానిస్టేబులు కాళ్ళు పట్టుకుని కర్మాగారానికి తీసుకెళ్ళమన్నాను. "ముందు ప్రశాంతంగా ఉండండి తాతగారూ," అన్నాడు. కారు ఎక్కించాడు. కారు ఇక్కడికి వచ్చింది.

ఈ గదిలోకి రాగానే ఇన్‌స్పెక్టర్ గారిని అదే బతిమాలాను. ఆయన మంచివారు, వాంగ్మూలం మొదలుపెట్టక ముందే కర్మాగారానికి ఫోన్ చేశారు. సకాయ్ బండ్లు పొద్దున్నే వచ్చేశాయని, వచ్చినవి వచ్చినట్టు కొలిమిలోకి వెళ్తాయని చెప్పారు. నేను సంఘం మెట్ల మీద నిలబడేసరికే అయిపోయింది. నేను వాదించింది బూడిద కోసం.

అనెగావాకు దీనితో సంబంధం లేదు. ఆమె షట్టర్ ఖర్చు నేను పెట్టుకుంటాను. శిరాఫుజి గారు నా మీద ఫిర్యాదు చేయనన్నారని, సినిమా గురించి మళ్ళీ రాస్తానన్నారని ఇప్పుడే చెప్పారు. రాయనివ్వండి. లేని సినిమా గురించి ఎంత మంచిగా రాసినా ఎవరు కాదంటారు.

పైన ఉన్నదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఎవరి బలవంతమూ లేదు. సంతకానికి బదులు కొట్టే పేరు ముద్ర ఇంట్లో ఉండిపోయింది కాబట్టి ఎడమచేతి చూపుడువేలి ముద్ర వేశాను. గోరు దగ్గర పగిలింది కాబట్టి గుర్తు సరిగా పడలేదు.

మార్చవలసినవి ఏమైనా ఉన్నాయా అని అడిగారు. ఒకటుంది. మొదటి పేజీలో 'ఎవరి మీద పగతో' అన్నచోట శిరాఫుజి తత్సునోరి అని రాశారు. ఆయన తెలియక కాదన్నారు, తెలిశాక నవ్వారు. కియోనో చెప్పు జారినప్పుడల్లా కెమెరా వెనక పొట్ట పట్టుకుని నవ్వినవాడు, అది మంచిదని అందరికంటే ముందు తెలిసినవాడు ఇంకొకడున్నాడు. వాడు తన నవ్వును నమ్మలేదు. ఆ పేరు కొట్టేయండి, దిద్దుబాటు పక్కన ఇంకోసారి వేలిముద్ర వేస్తాను. స్పష్టంగా రాయండి: నాగుమో యాసుహెయి.