పోతదని సాక్ష్యం

లింబవ్వ. అరవైతొమ్మిదేళ్లు. ఇంటికి ఏ కాగితం వచ్చినా మడతపెట్టి బియ్యం డబ్బాలో దాస్తుంది. మా అమ్మా, ఆమే ముప్ఫై ఏళ్లు ఒకే కార్ఖానాకు బీడీలు చుట్టారు. ఆమె కూతురు సుజాత, అల్లుడు గంగాధర్ కెనడా పోయి ఇరవై రోజులైందని తెలిసి ఆర్మూర్‌లో ఆమె ఇంటికి పోయాను. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, "పెద్దమ్మా, సుజాత పోతదని నువ్వే సాక్ష్యం రాసిచ్చినవట గదా?" అని అడిగాను. ఆ తర్వాత నేను మాట్లాడింది తక్కువే.

రాసిచ్చిన. అంటే రాసింది సుజాతనే, ఇంగ్లీషుల. సంతకం నాది. వేలిముద్ర గాదు మల్ల, సంతకం. బీడీల పాసుబుక్కు మీద పెట్టెటందుకు మీ అమ్మనే నేర్పింది నాకు. మంచిగున్నదా మీ అమ్మ? మోకాళ్ల నొప్పులు తగ్గినయా? ఆ... ఏడికెళ్లి చెప్పాలె? నాకే ఇంక మంచిగ సమజ్ కాలే బిడ్డా. నువ్వు సదువుకున్నదానివి, నువ్వే చెప్పు. మనిషి ఒక ఊర్ల ఉంటదని సాక్ష్యం అడుగుతరు, అది నాకెరుకే. పోతదని సాక్ష్యం అడుగుతరా ఏడనన్న?

సుజాత నర్సు గదా. ముందుగాల కువైట్ల చేసింది, ఆడికెళ్లి కెనడ పోయింది. తొమ్మిదేండ్లున్నది. ముసలోళ్లను సూసుకునె జాగల పని. ఆ దేశపు మనిషే అయిపోయింది, కాగితం మీద. గొంతు మాత్రం గదే, నల్లాకాడ మాట్లాడితె గల్లీ మొత్తం ఇనపడుతది. ఐదేండ్ల కింద... కాదు, నాలుగు. నేను కల్లంల పడ్డ యాడాది. పసుపు కొమ్ములు ఏరెటందుకు కూలికి పోయిన, కాలు జారింది, తుంటి ఇరిగింది. సుజాత నెలరోజులని వచ్చింది. నేను లేసి నడిచెటాళ్లకే ఆరునెలలైంది. ఊకెనె ఎందుకు కూసోవాలె అని ఈడనే ఒక ప్రైవేటు దవాఖానల చేరింది.

ఆడికే వచ్చిండు గంగాధర్. ఆయనకు పసుపు పాలిష్ పట్టె డ్రమ్ము ఉండె. ట్రాక్టరుకు కట్టుకోని ఊరూరు తిప్పుతుండె, ఏర్గట్ల, ఆలూర్, సిరికొండ దాంక. డ్రమ్ము తలుపు పడి చెయ్యి తెగితె సుజాత కుట్లేసింది. ఇంటికొచ్చి నవ్వుతున్నది, "అమ్మా, ఇయ్యాల ఒకాయన వచ్చిండు, మనిషి మొత్తం పచ్చగున్నడు, కామెర్లనుకున్న" అని. ఇద్దరు నలభై దాటినోళ్లే. పెండ్లి చేసుకుంటవా అని అడిగింది సుజాతనే. ఆయన మూడు రోజులు దవాఖాన దిక్కే రాలేదట. నాలుగో దినం పట్టీ ఇప్పించుకునెటందుకు వచ్చి సరే అన్నడట.

పెండ్లయినంక ఆయనే మా ఇంటికొచ్చిండు. ఇల్లరికం. మా గల్లీ ఆడోళ్లు ఊకుంటరా? "లింబక్కా, అల్లునికి ఒడిబియ్యం పోసినవా?" అని ఒకటే నవ్వుడు. పోస్త తియ్యి అన్న. అప్పుడు మాట వరుసకే అన్న.

ఈ ఇల్లు సంగతి చెప్పాలె నీకు. ఈ జాగ నా బీడీల పీఎఫ్ పైసలతోని కొన్నది. గప్పుడు గజం నూటయాభై, బిడ్డా! ఇప్పుడు అడిగితె కండ్లు తిరుగుతయి. పైసలు నాయి, పేరు మీ పెద్దనాయినది. ఆయన పోయినంక నా పేరు మీదికి తెచ్చుకునెటందుకు ఎన్ని చెప్పులు అరగదీసిననో! అందుకే సుజాత పెండ్లయిన వారానికే దాని పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించిన. మా మరిది కొడుకు పోశెట్టి లేడా, వాడు ఉరికొచ్చిండు. "పెద్దమ్మా, ఆడపిల్లకు ఇల్లు రాసిస్తవా? అది ఇంకొగలింటికి పోయె మనిషి" అన్నడు. "పోలే గదరా, ఇంకొకడే మా ఇంటికొచ్చిండు" అన్న. నా బతుకుల నేను చేసిన ఒక్క మంచి పని గదే.

ఆ, కెనడ. ఈడ దవాఖానల పన్నెండు గంటలు నిలబెట్టి, "సిస్టర్, చాయ్ తేపో" అనేది డాక్టరు. ఆడనైతె పనికి పని, మర్యాదకు మర్యాద అంటది సుజాత. మల్ల పోత, ఈయనను తోల్కపోత అన్నది. పో అన్న. నా తుంటి నాకున్నది, నా కాళ్లు నాకున్నయి. నిజామాబాద్‌ల కాగితాలు నింపెటాయన ఒకడున్నడు. పెండ్లి నిజమేనని సూపియ్యాలె, ఎన్ని కాగితాలుంటె అంత మంచిది అన్నడట.

ఈడనే బిడ్డా, తప్పు నాది. ఆయన ఎన్ని కాగితాలంటె అన్ని నా డబ్బాల ఉన్నయి! మనకు తెలిసిన సర్కారు ఏమడుగుతది చెప్పు? ఈడనే ఉంటున్నవా అని అడుగుతది. రేషన్ కార్డుకు అదే, పింఛనుకు అదే. యాడాదికొకపారి నువ్వు బతికే ఉన్నవా, ఈడనే ఉన్నవా అని వేలు పెట్టించుకుంటది. ఉన్న ఉన్న అని చెప్పుడే మన బతుకు. నేను గట్లనే అనుకున్న. ఇంటి రిజిస్ట్రేషను తీసిన. సుజాత పేరు మీద కరెంటు బిల్లు, నల్లా బిల్లు తీసిన. ముగ్గురి పేర్లున్న రేషన్ కార్డు తీసిన. ఈమె మా దగ్గర పర్మనెంటు అని దవాఖానోళ్లు ఇచ్చిన కాగితం తీసిన. పెరట్ల నాలుగు సాళ్లు పసుపు పెట్టుకున్నరు ఇద్దరు, దాని ఫోటో గూడ పెట్టమన్న. "తొమ్మిది నెలల పంట అమ్మా, సూస్తె ఎంత నిలకడ అనుకుంటరు" అని సుజాతనే మురిసింది. అన్ని పంపిండ్రు.

ఏడు నెలలకు జవాబొచ్చింది. సుజాత ఫోన్ల సదివింది. మొఖం గిట్లయింది. ఏందే అన్న. "పెండ్లి నిజమే అంటున్నరమ్మా. నేను పోతనని నమ్ముతలేరు" అన్నది. "నాకు ఈడ ఇల్లున్నదట, నౌకరున్నదట, పంట గూడ ఉన్నదట. మరి కెనడల ఉంటనని ఏం నమ్మకం అని అడుగుతున్నరు."

నాకు సమజ్ కాలే. "టికెట్ కొని సూపియ్యరాదు" అన్న.

"టికెట్ ఎవలైన కొంటరమ్మా. ఆడ ఉండె మనసున్నదని సూపియ్యాల్నట."

మనసును ఎట్ల సూపిస్తరు బిడ్డా? ఫోటో తీస్తరా? మొగన్ని పిలిపించుకునె మనిషి ఆడనే ఉండాల్నట, అది వాళ్లు నమ్మకుంటె గంగాధర్‌కు వీసా లేదు. సుజాత ఒక్కతే పోవాలె, లేకుంటె ఇద్దరు ఈడనే. ఆ ముసలోళ్ల జాగల దీనికి మల్ల ఇస్తమన్న పని ఎండకాలం దాంకనే ఆపుతమన్నరట. నా డబ్బా కాగితాలు నా బిడ్డ కాళ్లకు అడ్డంపడ్డయి. మూడు దినాలు బువ్వ సయించలే.

గప్పుడు నాకు నా ముచ్చట యాదికొచ్చింది. మా తల్లిగారూరు ఏర్గట్ల గదా. పదిహేనేండ్లకు పెండ్లి. ఎడ్లబండి మీద కూసోబెట్టిండ్రు, ఒక సందుగు పెట్టిండ్రు. ఆ సందుగు తాళంచెవి మా అత్త తీసుకున్నది, సచ్చెదాంక ఇయ్యలే. లింబవ్వా, పోతవా? నీకు మనసున్నదా? అని ఎవలన్న అడిగిండ్రా? బండి తోలెటాయన గూడ అడుగలే. మా నాయిన పోయినంక తమ్ముళ్లిద్దరు భూమి పంచుకున్నరు. నన్ను పిలువలే. ఎందుకురా అంటె, "నువ్వు పోయినవు గదక్కా" అన్నరు. నేను పోలే బిడ్డా, నన్ను పంపిండ్రు. ఏదో చెప్పుకుంట ఏడికో పోయిన... ఆ, జవాబు.

సుజాత దవాఖానల రాజీనామ ఇచ్చింది. స్కూటీ అమ్మింది. ఆడ ఇంతకుముందు దానితోని పనిచేసిన మలయాళపామె ఒకామె, పాపం, తన ఇంట్ల ఒక రూము వీళ్లకు కిరాయికిస్త అని రాసి పంపింది. పనిస్తమని ముసలోళ్ల జాగోళ్లు గూడ రాసిండ్రు. ఇగ గంగాధర్ డ్రమ్ము. అది అమ్మినంక వీసా రాకపోతె ఏం తింటడు? రెండు దినాలు దాని సుట్టు తిరిగి, తుడిచి, ఆలూర్ల ఒకాయనకు ఇచ్చేసిండు. ఆ రోజు అరుగు మీద కూసోని మెల్లగ అన్నడు, "అత్తమ్మా, అందరు సుజాతకు పోవాలని ఉన్నదా లేదా అనే అడుగుతున్నరు. నాకు ఉన్నదో లేదో ఒక్కలు గూడ అడుగలే" అని.

నాకు నవ్వాగలే! "ఇప్పుడెరుకైందా బిడ్డా, కోడలి బతుకు ఎట్లుంటదో?" అన్న. ఆయన గూడ నవ్విండు. నవ్వినంక సుజాత పోయి ఆయన పక్కన కూసోని, "మరి ఉన్నదా?" అని అడిగింది. "భయమున్నది, మనసు గూడ ఉన్నది" అన్నడు. మంచోడు.

అన్ని అయినయి, ఇల్లొక్కటి మిగిలింది. ఆ నిజామాబాదాయన ఏమన్నడంటె, ఇల్లు మల్ల అమ్మ పేరు మీదికి మార్చుండ్రి, ఈడ ఏం లేదని తేలుతది అన్నడు. ఇది పోశెట్టికి ఎట్ల తెలిసిందో! పొద్దుగాలనే దిగిండు. "పెద్దమ్మా, నీకు వయసైపాయె, నీకెందుకు తిప్పలు, నా పేరు మీద పెట్టు, నేను సూసుకుంట" అన్నడు. "నీ మనసు నమ్మొచ్చా అని కెనడోళ్లకు రాసి అడుగుతరా, జర ఆగు" అన్న.

అయినా పోయినం బిడ్డా రిజిస్ట్రేషను ఆఫీసుకు. నాకేం తెలుస్తది? సదువుకున్నోళ్లు చెప్పిండ్రు గదా అనుకున్న. దస్తావేజు రాసెటాయన సుజాత ముంగట కాగితం పెట్టిండు. అది పెన్ను పట్టుకున్నది. ఆయన ఊకెనె అడిగిండు, "ఏమ్మా, అమ్మ రాసిచ్చిన ఇల్లు మల్ల అమ్మకే ఇస్తున్నవ్, ఎందుకు?" అని. సుజాత అన్నది, "నాకు ఈడ ఏం లేదని సూపియ్యాలె సార్."

నాకేమైందో ఎరుకలే. కాగితం గుంజుకున్న. నా బిడ్డకు ఈడ ఏం లేదా? ఏం లేకుంటెనే ఆడది పోతదా? నాకు ఏం లేకుండెనే, ఏం లేదనే గదా నన్ను ఎడ్లబండి ఎక్కిచ్చింది! మగోనికి పది ఎకరాలుంటె గూడ దుబాయి పోతడు, వాన్ని ఎవడు అడుగుతడు? సుజాత లెవ్వు అన్న. "అమ్మా, వీసా రాదే" అని ఏడ్సింది. రాకుంటె రాకపాయె అనలేదు నేను. కని సంతకం మాత్రం పెట్టనియ్యలే.

ఇంటికొచ్చినంక, నా మాట నువ్వు రాయి, నేను సంతకం పెడత అన్న. ఇల్లు మా బిడ్డదే, అది దాచేది లేదు. అది పోయినంక కిరాయికిస్తం, కిరాయి నేను సూసుకుంట అని రాయి. ఇల్లున్నది కాబట్టే ధైర్యంగ పోతది, ఏదన్న అయితె తిరిగొస్తది అని రాయి అన్న. "తిరిగొస్తది అని రాయొద్దమ్మా!" అని మొత్తుకున్నది. సరే, పండుగకు వస్తది? వద్దు. నేను సస్తె వస్తది? "అమ్మా, ఊకో" అన్నది. మరి నాకు యాదికొస్తది అని రాయొచ్చా? రాయొచ్చు అన్నది. పోతది అన్న మాట కింద గదొక్కటి రాసింది, నేను సంతకం పెట్టిన.

పోతది పోతది అని కాగితం మీద చెప్పుకుంట చెప్పుకుంట నాకే నమ్మకం కుదిరింది బిడ్డా. అప్పటిదాంక పో అన్న కని, లోపల నమ్మలే. వాళ్లు అడిగింది సుజాత మనసా, నా మనసా? ఇదే నాకు ఇంక సమజ్ కాదు.

రెండు నెలలకు వీసా వచ్చింది. ఇల్లు దాని పేరు మీద ఉండంగనే వచ్చింది. ఏం సూసి ఇచ్చిండ్రో మల్ల వాళ్లు చెప్పలే. డ్రమ్ము అమ్మింది సూసిండ్రో, మలయాళపామె రూము సూసిండ్రో, నా సంతకం సూసిండ్రో.

పోయె దినం సుజాతకు ఒడిబియ్యం పోస్తున్న. కొంగు పట్టింది, పసుపు కలిపిన బియ్యం పోస్తున్న. గంగాధర్ పక్కకు వచ్చి నిలబడి, భుజం మీది తువ్వాల తీసి ముంగటికి పట్టిండు. "నేను గూడ పోతున్న గదత్తమ్మా, నాకు పొయ్యవా?" అన్నడు. గల్లీ ఆడోళ్లంత ఉన్నరు. ఒక్కలు నవ్వలే. నేను దోసిళ్లతోని పోసిన, ఐదు దోసిళ్లు. మగోని తువ్వాలల ఒడిబియ్యం పోసుడు ఏ శాస్త్రమో నాకెరుకలే. పోయెటోళ్లకు పోస్తరు, ఆయన పోతున్నడు.

ముందటి రెండు రూముల దవాఖానల పనిచేసె పిల్లలిద్దరు కిరాయికొచ్చిండ్రు. సుజాత సిస్టర్ ఇల్లు అని అడుగుకుంట వచ్చిండ్రు. ఆ మాట ఎంత మంచిగుంటది ఇననీకి! నిన్న ఫోన్ల మంచు సూపిచ్చింది సుజాత. గంగాధర్ టోపీ పెట్టుకోని నిలబడ్డడు, ఇప్పుడు పచ్చగ లేడు, ఎర్రగున్నడు.

ఇగ బంద్ చెయ్యి బిడ్డా నీ ఫోను, చాయ్ పెడత. నువ్వు సల్లగుండు. నీ పేరు మీద ఒక రూమన్న ఉండాలె. ఉన్నంక, నువ్వు ఉంటవో పోతవో నిన్నడిగినోళ్లకే చెప్పు, అడుగనోళ్లకు చెప్పకు... ఏర్గట్లకు బస్సులు ఇప్పుడు గూడ పొద్దుగాల ఉన్నయా, ఎరుకేనా నీకు?

తర్వాతి నెలలో లింబవ్వ ఏర్గట్ల భూమిలో తన వాటా తనకు ఇవ్వాలని ఇద్దరు తమ్ముళ్ల మీద కోర్టులో దావా వేసింది.