కీబోర్డు తెరలో సగం అంకె

చర్చిలో కీబోర్డు వాయించే ఆమె, ఆ పాత కీబోర్డును దుప్పట్లో చుట్టుకుని పూతలపట్టు కూడలిలోని రిపేరు అంగడికి వచ్చింది. అంగడాయన దాన్ని బోర్లించి మూత విప్పాడు.

"పోయిన ఆదివారం పాట శ్రుతి అంత పైకి ఎత్తినావంట గదక్కా? మా అమ్మ ఇంటికొచ్చి వేన్నీళ్లు పుక్కిలించింది."

"నన్నేం సెయ్యమంటావప్పా? తెరమీద శ్రుతి అంకె సగమే కనపడతాండాది. ఎనిమిదో మూడో తెలీక నొక్కేసినా."

"ఇదో సూడు. తెరకి పొయ్యే ఈ పట్టీ కేబులు అంటు వదిలేసినాది. కొంచెం వేడి సేసి ఒత్తితే అతుక్కుంటాది."

"కాల్చేస్తావేమో! ఇది పోతే పెన్‌డ్రైవులో పాటలు పెట్టుకుందామంటాండారు చర్చోళ్లు. అప్పుడు నేను యాడ కూసోవాల?"

"అందరితోపాటు బెంచీమీద కూసో."

"నువ్వు చెప్తాండావా? పాడేటప్పుడు శ్రుతి తప్పుతాండావని నేనొక మాటంటే, నువ్వు మళ్లా చర్చిలో మొగం సూపించలా."

"అందరి ముందరా అన్నావు గదక్కా."

"అన్నా. అట్ల అనకుండా ఉండాల్సింది."

ఆయన కేబులును వేడి చేసి ఒత్తి, మూత బిగించి, కీబోర్డును తిప్పి స్విచ్ వేశాడు.

"ఇదో, అంకె నిండుగా వచ్చినాది. వాయించు."

"నువ్వు పాడితే వాయిస్తా."

"ఈడనా? పక్కన టీ అంగడోళ్లు నవ్వుతారు."

"నవ్వనీలే. నీ గొంతుకి సరిపొయ్యేట్టు కిందికి దించినా. పాడు."

ఆయన గొంతు సవరించుకుని, కళ్లు మూసుకుని ఒక చరణం పాడాడు.

"తప్పినానా అక్కా?"

"తప్పినావు. ఆదివారం కొంచెం ముందుగా రా, నేర్పిస్తా."