సున్నాలు మింగిన చీమ

ఆసుపత్రి కంప్యూటర్ గదిలోంచి తమ్ముడు ఫోన్ చేశాడు. ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు అక్క.

"అరవకురా, నెమ్మదిగా చెప్పు. ఏ సంచులు?"

"రక్తం సంచులక్కా! ఒకదాని నంబరు సున్నా నాలుగు ఒకటి ఏడు, ఇంకోదాని నంబరు ఉత్త నాలుగు ఒకటి ఏడు, రెండూ ఒకటే అంటోంది సిస్టమ్. రెండిట్లో రక్తం గ్రూపు వేరు. నర్సమ్మ చూసి ఆపింది కాబట్టి సరిపోయింది. లోపల ఆపరేషన్ బల్ల మీద మనిషున్నాడు!"

"ముందున్న సున్నా ఎగిరిపోయిందన్నమాట. ఆ ఫైళ్లు చదివేది నేను రాసిన కోడ్ లైబ్రరీయేగా? కొత్త వెర్షన్ వేశారా?"

"పొద్దున్నే వేశాం."

"నా ఖర్మ. తీసేసి పాతది వెయ్యి. సంచుల ఫైలు మొదటి నుంచి మళ్లీ చదివించు."

"వేస్తున్నా, వేస్తున్నా... డాక్టరు గుమ్మంలోనే నిలబడ్డాడక్కా. కళ్లతోనే మింగేస్తున్నాడు."

"మింగనీ. ఎనిమిదేళ్లుగా లోకానికంతా ఊరికే రాసిపెడుతున్నాను. ఒక్క సున్నా పోలేదు. ఎవడు చేశాడో చూస్తానుండు."

"ఇప్పుడెందుకక్కా అదంతా?"

"ఎందుకేంట్రా? ఇదిగో... చీమ! ఈ మార్పు పంపింది చీమ అని పేరు పెట్టుకున్నవాడు."

"ఎవరో పాపం, ఫైలు వేగంగా చదవాలని..."

"పాపమా? అసలు పేరు తెలీదు, ముఖం ఎరగను. రెండేళ్లుగా పంపుతున్నాడు, ఒక్క తప్పు లేదు. అందుకే ఈసారి చదవకుండానే సరేననేశాను. నన్ననాలి."

"నీ తప్పేం లేదక్కా. సున్నాలు పోతే పట్టుకునే పరీక్ష ఒకటుండేదిగా. అడ్డమొస్తోందని దాన్ని తీసేయకుండా ఉండాల్సింది."

"ఏ పరీక్ష?"

"అదే... ఉండు, ఫైలు... ఆఁ, వస్తోంది."

"నేనింకా ఆ పేజీ తెరవనేలేదు. తీసేశాడని నీకెలా తెలుసు?"

"వచ్చేసిందక్కా! రెండూ వేరువేరుగా చూపిస్తోంది. నర్సమ్మ చీటీలు చేత్తో సరిచూసుకుని తీసుకెళ్తోంది."

"హమ్మయ్య! ఇక మాట మార్చకు. ఎవర్రా వాడు? మీ ఆఫీసువాడేనా?"

"నాలుగేళ్ల కిందట ఒకడు నీకు కోడ్ పంపాడు, గుర్తుందా? 'ముందు నేర్చుకుని రా' అని అందరూ చూసేలా రాశావు."

"అది నువ్వు కదరా."

"నేర్చుకునే వచ్చానక్కా. ఆ చీమ నేనే."